గ్రైండరు బెల్టు వచ్చిన దారి

2023 అక్టోబరు మొదటివారంలో మా ఇంట్లో గ్రైండరు బెల్టు తెగింది. మేము ఉండేది అమెరికాలో, కొలరాడో కొండల మధ్య ఒక చిన్న ఊళ్లో. మన సరుకులు అమ్మే దుకాణానికి వెళ్లాలంటే మూడు గంటలకు పైగా కారు నడపాలి. ఆరు నెలలు ఉండి వెళ్దామని వచ్చిన మా అమ్మకు మిక్సీలో రుబ్బిన పిండి పిండిలా అనిపించదు. అందువల్ల న్యూజెర్సీలోని ఒక వంటసామాన్ల దుకాణం వెబ్‌సైటులో 14 డాలర్లు పెట్టి కొత్త బెల్టు ఆర్డరు చేశాను. ఏ పద్ధతిలో పంపమంటారని అడిగినచోట అన్నిటికంటే చవకగా ఉన్న ‘ఎకానమీ’ని ఎంచుకున్నాను. కొన్ని ఔన్సులు మాత్రమే తూగే ఆ రబ్బరు బెల్టు చివరికి 33వ రోజున నా చేతికి వచ్చింది. విచిత్రమేమిటంటే, ఈ మొత్తం వ్యవహారంలో కొరియరు సంస్థ గాని, పోస్టాఫీసు గాని, దుకాణంవారు గాని నాతో ఒక్క అబద్ధం కూడా చెప్పలేదు. నా పార్సిల్ మోసిన కొరియరు సంస్థ ఏదన్నది ఇక్కడ ముఖ్యం కాదు కాబట్టి దాని పేరు చెప్పడం లేదు.

మా ఊరి సంగతి ముందుగా కొంచెం చెప్పాలి. మా ఆవిడకు ఇక్కడి క్లినిక్‌లో ఉద్యోగం రావడంతో అదే ఏడాది ఆగస్టులో ఈ ఊరికి మారాము. ఈ ఊళ్లో ఇంటింటికీ తిరిగి ఉత్తరాలు పంచే పద్ధతి లేదు. వీధి పేర్లు ఉన్నాయి, ఇళ్లకు నంబర్లు ఉన్నాయి, అగ్నిమాపక బండి వాటిని చూసే వస్తుంది. అయితే తపాలా మాత్రం ప్రతి ఒక్కరూ పోస్టాఫీసుకు వెళ్లి, అక్కడ గోడలో అమర్చిన తమ పెట్టె తాళం తీసి తెచ్చుకోవలసిందే. అమెరికాలో ఇలాంటి ఊళ్లు చాలానే ఉన్నాయి. కాలిఫోర్నియా సముద్రతీరంలోని కార్మెల్-బై-ద-సీలో అయితే వందేళ్లకు పైగా ఇళ్లకు నంబర్లే లేవు, పెట్టుకోవాలని ఆ ఊరి కౌన్సిలు 2024లో గాని తీర్మానించలేదు. ఇంటికి బట్వాడా చేయని చోట పోస్టాఫీసువారు ఆ ఇంటికి ఒక పెట్టెను అద్దె లేకుండా ఇస్తారు. మాకూ అలాగే ఇచ్చారు, దాని నంబరు 318 అనుకుందాం. మా ఆవిడే వెళ్లి, దరఖాస్తు నింపి, తాళంచెవి తెచ్చింది. ఆ దరఖాస్తులో ఒక గడి ఖాళీగా ఉండిపోయిందన్న సంగతి అప్పుడు మా ఇద్దరికీ తెలియదు.

మొదటి రెండు నెలలూ ఏ ఇబ్బందీ రాలేదు. తెప్పించుకున్నవన్నీ కొరియరు వ్యానులోనే నేరుగా గుమ్మం దగ్గరకు వచ్చేవి. అందుచేత ఆన్‌లైనులో ఏది కొన్నా మా ఇంటి నంబరు, వీధి పేరు మాత్రమే ఇవ్వడం నాకు అలవాటైపోయింది. బెల్టుకూ అదే ఇచ్చాను.

అక్టోబరు 7, శనివారం సాయంత్రం కొరియరు సంస్థ ట్రాకింగు పేజీలో కొత్త వాక్యమొకటి కనిపించింది. తుది బట్వాడా కోసం పార్సిల్‌ను మీ స్థానిక పోస్టాఫీసుకు అప్పగించాము అని దాని భావం. దాని కిందనే ఇంకొక పొడవాటి నంబరు ఇచ్చి, ఇకమీదట దానితో పోస్టాఫీసు వెబ్‌సైటులో చూసుకోమన్నారు. అక్కడికి వెళ్లి చూస్తే, లేబులు తయారైంది, వస్తువు ఇంకా మాకు చేరలేదు అని ఉంది. ఒకరు ఇచ్చామంటున్నారు, ఇంకొకరు అందలేదంటున్నారు. మరునాడు ఆదివారం, ఆ పైన సోమవారం కొలంబస్ డే, తపాలాకు సెలవు. ఈ రెండు రోజులూ ఆ రెండు పేజీలనూ మార్చి మార్చి చూస్తూ గడిపాను.

మంగళవారం ఉదయం పోస్టాఫీసుకు వెళ్లాను. చిన్న ఊళ్లలోని వేలాది పోస్టాఫీసుల పనివేళలను 2012లో రోజుకు 6, 4, 2 గంటలుగా కుదించారు. మాది 4 గంటలు తెరిచి ఉండేది, తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా. కౌంటరు దగ్గర ఉండే ఆవిడ ఒక్కరే లోపల సార్టింగూ చేస్తారు, బయట స్టాంపులూ అమ్ముతారు. నేను ఫోను చూపించగానే ఆవిడ కళ్లద్దాలు పైకి జరుపుకుని, ఇలాంటి పేజీ రోజుకు పదిమంది చూపిస్తారన్నట్టుగా చిన్నగా నవ్వి, ఓపికగా చెప్పారు. ఇలాంటి ఎకానమీ పార్సిళ్లు తెచ్చే కొరియరు లారీ మా ఊరిదాకా రాదట. నలభై మైళ్ల దూరంలో ఉన్న పెద్ద పోస్టాఫీసులో, పిన్‌కోడు వారీగా వేరు చేసిన సంచులను దించిపోతుందట. దించిన క్షణాన వాళ్ల లెక్కలో అప్పగింత పూర్తయినట్టే. ఆ సంచి మా ఊరి బండి ఎక్కి, ఇక్కడికి వచ్చి, ఆవిడ దాన్ని విప్పి ఒక్కొక్క పార్సిల్‌కూ స్కానరు చూపిస్తే తప్ప పోస్టాఫీసు లెక్కలో అది వచ్చినట్టు కాదు. మధ్యలో ఆదివారం, సెలవురోజు పడ్డాయి కాబట్టి ఆ సంచి అక్కడే ఏ మూలనో ఉండి ఉంటుందని, రేపో ఎల్లుండో వస్తుందని చెప్పి పంపించారు.

ఇంటికి వచ్చి ఇదంతా అమ్మకు వివరించాను. అమ్మ అంతా విని, “ఏరా, ఊరిదాకా మోసుకొచ్చినవాడు ఇంకో నాలుగడుగులు వేసి ఇంట్లో ఇచ్చి పోలేడట్రా?” అంది. ఆ ప్రశ్న నాకూ ఉన్నదే. ఆ రాత్రి కూర్చుని ఈ ఏర్పాటు ఎలా వచ్చిందో కొంత చదివాను.

పార్సిల్ పంపడంలో ఎక్కువ ఖర్చయ్యేది దేశం ఈ చివరనుంచి ఆ చివరకు చేర్చడానికి కాదు. ఒక లారీలో వందలకొద్దీ పార్సిళ్లు కలిసి ప్రయాణం చేస్తే ఒక్కొక్కదాని మీద పడేది స్వల్పమే. చివర్న ఒక ఇల్లు వెతుక్కుంటూ ఒక వ్యానూ ఒక డ్రైవరూ కొండదారిలో పది మైళ్లు పోయి రావలసి వచ్చినప్పుడు మాత్రం ఆ ఖర్చంతా ఆ ఒక్క పార్సిల్ నెత్తిన పడుతుంది. 14 డాలర్ల బెల్టు ఆ బరువు మోయలేదు. తపాలాశాఖ సంగతి వేరు. యూఎస్‌పీఎస్ (అమెరికా తపాలాశాఖ) వారు వారానికి 6 రోజులు, దేశంలో 16 కోట్లకు పైగా ఉన్న చిరునామాలకు ఎలాగూ తపాలా చేర్చాలి, లాభం లేదని ఒక ఊరిని వదిలేయడానికి వాళ్లకు వీలులేదు. ఎలాగూ పోయే మనిషి సంచిలో ఇంకొక చిన్న పొట్లం వేస్తే అదనంగా అయ్యేది తక్కువ. అందుకని కొరియరు సంస్థలు తేలికైన, తొందర లేని పార్సిళ్లను తామే దూరప్రయాణం చేయించి, బట్వాడా జరిగే పోస్టాఫీసుకు వీలైనంత దగ్గరగా తెచ్చి దించి, ‘పార్సెల్ సెలెక్ట్’ అనే తక్కువ ధరకు మిగిలిన పనిని తపాలాకు అప్పజెప్పడం మొదలుపెట్టాయి. ఫెడెక్స్‌వారి స్మార్ట్‌పోస్ట్, యూపీఎస్‌వారి ష్యూర్‌పోస్ట్ ఇలా పుట్టినవే.

దీనికి వెనుక ఇంకొక పాత కథ ఉంది. అమెరికాలో పల్లెల్లో ఇంటికి ఉత్తరాలు తెచ్చి ఇవ్వడం 1896లో మొదలైంది గాని, ఆ తరువాత కూడా చాలాకాలం పోస్టాఫీసు 4 పౌండ్లకు మించిన పొట్లాన్ని ముట్టుకునేది కాదు. అంతకన్నా బరువైనవి ప్రైవేటు ఎక్స్‌ప్రెస్ కంపెనీలు మోసేవి, వాళ్లు రైలుమార్గానికి దూరంగా ఉన్న రైతు ఇంటిదాకా వెళ్లేవారు కారు. ఆ రైతుల గోల ఫలించి 1913 జనవరి 1న పార్సిల్ పోస్టు మొదలైంది, బరువు హద్దు 11 పౌండ్లు అయింది. ప్రైవేటువాళ్లు పోని చోటికి పోవడానికి పుట్టిన పద్ధతి, వందేళ్ల తరువాత ఆ ప్రైవేటువాళ్ల పార్సిళ్లనే అదే చోటికి మోయడానికి పనికి వచ్చిందన్నమాట. ఇది చదివాక నా కోపం కొంత తగ్గిన మాట నిజం. బెల్టు మాత్రం రాలేదు.

బుధవారం ట్రాకింగులో కదలిక కనిపించింది. పార్సిల్ మా పోస్టాఫీసుకు చేరింది. గురువారం అది పెట్టెలో ఉంటుందని సాయంత్రం వెళ్లి చూశాను, లేదు. శుక్రవారం పొద్దున్నే పేజీ తెరిస్తే, పంపినవారికి తిరిగి పంపుతున్నాము అని ఉంది.

తొమ్మిది కొట్టకముందే పోస్టాఫీసు తలుపు ముందు నిలబడ్డాను. ఆవిడ కంప్యూటరులో చూసి, బుధవారం, గురువారం తాను సెలవులో ఉన్నానని, బదులుగా పక్క ఊరినుంచి వచ్చినాయన సార్టింగు చేశారని చెప్పారు. పార్సిల్ మీద ఇంటి నంబరూ వీధీ ఉన్నాయి గాని, పెట్టె నంబరు లేదు. ఆ వీధికి బట్వాడా లేదు. అలాంటప్పుడు పేరును బట్టి పెట్టెల జాబితాలో వెతుకుతారు. ఆయనా వెతికారట, నా పేరు జాబితాలో లేదు. పెట్టె మా ఆవిడ పేరు మీద ఉంది. మా ఆవిడ పెళ్లయ్యాక కూడా పుట్టింటివారి ఇంటిపేరే ఉంచుకుంది, నా ఇంటిపేరు వేరు. ఈ ఇద్దరూ ఒకే ఇంటివాళ్లని పక్క ఊరినుంచి వచ్చినాయనకు తెలిసే అవకాశమే లేదు. తపాలా పెట్టె లేదు, ముందుకు పంపడానికి వీలు లేదు అని ఒక పసుపు చీటీ అంటించి తిరుగుసంచిలో వేసేశారు. దరఖాస్తులో ఖాళీగా ఉండిపోయిందని పైన చెప్పిన గడి, ఆ పెట్టెకు తపాలా ఇంకా ఎవరెవరి పేర్లమీద వస్తుందో రాయవలసిన గడి.

ఆ తరువాతి భాగమే నన్ను ఎక్కువగా విసిగించింది. కొరియరు సంస్థకు ఫోను చేస్తే, మా వైపునుంచి అప్పగింత 7వ తేదీనే పూర్తయింది, ఇప్పుడు అది పోస్టాఫీసు అధీనంలో ఉంది, అక్కడ అడగండి అన్నారు. పోస్టాఫీసు సహాయకేంద్రానికి చేస్తే, పోయిన వస్తువుల కోసం వెతికించే అర్జీ పెట్టుకోవచ్చు గాని మీది పోలేదు, తిరిగి వెళుతోంది, ఎక్కడుందో కనబడుతూనే ఉంది అన్నారు. రెండూ నిజాలే. దుకాణంవారికి రాస్తే, వస్తువు మాకు తిరిగి చేరాకే మళ్లీ పంపగలము అన్నారు, అదీ న్యాయమే. ఈ మూడు సమాధానాలూ పక్కపక్కన పెట్టుకుని ఆలోచిస్తే నాకు అర్థమైందేమిటంటే, ఈ గొలుసులో నాకు ఎవరితోనైనా ఒప్పందం ఉన్నదంటే అది దుకాణంవారితో మాత్రమే. కొరియరుకు డబ్బు కట్టింది దుకాణంవారు, తపాలాకు కట్టింది కొరియరువారు. నేను కొరియరును నిలదీయడం అంటే, పెళ్లివారు మాట్లాడుకున్న వంటమనిషిని భోజనానికి వచ్చినవాడు జీతం లెక్క అడగడం లాంటిది. కాబట్టి ఆ రోజునుంచి ఇద్దరికీ ఫోన్లు చేయడం మానేసి, దుకాణంవారితోనే ఉత్తరప్రత్యుత్తరాలు జరిపాను. పార్సిల్ వెనక్కి వెళుతోందని చూపించే ట్రాకింగు పేజీని ఫొటో తీసి పంపాను. మొదటిరోజే ఆ పని చేసి ఉంటే నాలుగు ఫోన్లు, రెండు గంటల సంగీతం తప్పేవి.

పార్సిల్ వచ్చిన దారినే తీరికగా వెనక్కి నడిచి, 26వ తేదీకి న్యూజెర్సీ చేరింది. ఈలోగా నేను రెండు పనులు చేశాను. మొదటిది, ఫొటో ఉన్న గుర్తింపు కార్డూ, ఇంటి అద్దె ఒప్పందమూ పట్టుకుని వెళ్లి పెట్టె దరఖాస్తులో నా పేరు చేర్పించాను, అడగకుండానే అమ్మ పేరు కూడా రాయించాను. రెండవది, చిరునామా ఎలా రాయాలో కౌంటరు ఆవిడ దగ్గర నేర్చుకున్నాను.

ఇది వినడానికి చిన్న విషయమే గాని, ఇందులోనే కిటుకంతా ఉంది. కొరియరు డ్రైవరుకు కావలసింది ఇల్లు, ఆయన పోస్టాఫీసు పెట్టెలో ఏదీ వేయలేడు. తపాలావారికి కావలసింది పెట్టె, మా ఊళ్లో వాళ్లు ఇంటికి రారు. ఏ పార్సిల్ చివరికి ఎవరి చేతిలో పడుతుందో కొనేటప్పుడు నాకు తెలియదు, చాలాసార్లు అమ్మేవాళ్లకూ తెలియదు. రెండూ రాద్దామంటే, పోస్టాఫీసు పెట్టె అని కనబడగానే చాలా వెబ్‌సైట్లు ఈ చిరునామాకు పంపలేమని ఎర్ర అక్షరాల్లో మొండికేస్తాయి. ఆవిడ ఒక రసీదు కాగితాన్ని తిరగేసి బాల్‌పెన్నుతో మూడు వరుసలు గీసి చూపించారు. పై వరుసలో ఇంటి నంబరు, వీధి. దాని కింద వరుసలో హ్యాష్ గుర్తు పెట్టి 318. ఆ కింద ఊరు, రాష్ట్రం, పిన్‌కోడు. ఒకే చిరునామాలో వీధి, పెట్టె రెండూ ఉన్నప్పుడు ఊరి పేరుకు సరిగ్గా పైన ఉన్న వరుసలో ఏది ఉంటే తపాలావారు అక్కడికే బట్వాడా చేస్తారట, అది వాళ్ల నియమం. అందువల్ల పెట్టె నంబరు కిందే ఉండాలి, వీధి పైనే ఉండాలి, తలకిందులు చేయకూడదు. ఆ రసీదు ముక్క ఇప్పటికీ మా ఫ్రిజ్ తలుపు మీద అయస్కాంతం కింద ఉంది.

దుకాణంవారు 27న మళ్లీ పంపారు. ఈసారి వేగంగా వచ్చే పద్ధతికి డబ్బు కడతానన్నాను గాని, వాళ్లు పాత పద్ధతిలోనే పంపినట్టు ట్రాకింగు చూశాక తెలిసింది. మళ్లీ అదే అప్పగింత వాక్యం, మళ్లీ అదే రెండు పేజీలు. ఈసారి మాత్రం నేను పోస్టాఫీసుకు పరిగెత్తలేదు. అప్పగించామన్న మాటకు రెండు మూడు రోజులు కలుపుకుంటే మా ఊరికి సరిపోతుందని లెక్క వేసుకుని ఊరుకున్నాను.

నవంబరు 4, శనివారం మధ్యాహ్నం కౌంటరు మూసేశాక పోస్టాఫీసు వసారాలోకి వెళ్లాను, పెట్టెలున్న ఆ భాగం ఎప్పుడూ తెరిచే ఉంటుంది. 318 తాళం తీస్తే లోపల రెండు ప్రకటన కాగితాలు, వాటి మీద చెక్కబిళ్ల కట్టిన ఒక తాళంచెవి కనిపించాయి. పార్సిల్ పెట్టెలో పట్టనప్పుడు దాన్ని కింద ఉండే పెద్ద అరలో పెట్టి, ఆ అర తాళంచెవిని మన పెట్టెలో వేస్తారు. బిళ్ల మీద నంబరు చూసుకుని ఆ అర తెరిచాను. తాళంచెవి తిరిగింది గాని బయటకు రాలేదు, ఎంత లాగినా రాలేదు. అరను తెరిచాక చెవి దానికే ఉండిపోయేలా తయారుచేస్తారని, దాన్ని విరగ్గొట్టవద్దని పక్కన పెట్టె తీస్తున్న ముసలాయన చెప్పారు. లోపల అరచేయంత మందపాటి కవరు. దాని మీద రెండు బార్‌కోడ్లు ఉన్నాయి, ఒకటి కొరియరు సంస్థది, రెండవది తపాలాది. తపాలా బార్‌కోడు కింద అంకెలు 420తో మొదలై, వెంటనే మా ఊరి పిన్‌కోడు, ఆ తరువాత పొడవాటి నంబరు ఉన్నాయి. మొదటినుంచీ ఆ కవరు మీద ఇద్దరి గుర్తులూ ఉన్నాయి, తెలియనిది నాకే.

అమ్మ బెల్టును చేతిలోకి తీసుకుని సాగదీసి చూసి, “దీనికోసమట్రా నెలరోజులు!” అని, ఆ రాత్రే మినప్పప్పు నానబోసింది.

ఈ కథకు తరువాత ఒక తోక మొలిచింది. ఫెడెక్స్‌వారు ఇలాంటి పార్సిళ్లను తామే బట్వాడా చేసుకుంటామని 2019లోనే ప్రకటించి క్రమంగా తపాలానుంచి తప్పుకున్నారు. యూపీఎస్‌వారు 2025 జనవరి 1నుంచి తపాలాకు అప్పగించడం ఆపారు, అయితే మళ్లీ తపాలాతో ఒక అవగాహనకు వస్తున్నట్టు అదే ఏడాది చివరిభాగంలో వాళ్లే చెప్పారు. ఈ మార్పులన్నిటి నడుమ నేను మాత్రం ఆవిడ గీసిచ్చిన మూడు వరుసలనే ప్రతి వెబ్‌సైటులోనూ నింపుకుంటూ వచ్చాను. 2025 ఫిబ్రవరిలో ఒక సాయంత్రం, మంచు పడుతుండగా, ఒక కొరియరు వ్యాను మా ఇంటి ముందు చాలాసేపు ఆగి ఉంది. డ్రైవరు దిగి ఇంటి చుట్టూ ఒకసారి తిరిగివచ్చి తలుపు తట్టాడు. చేతిలో అట్టపెట్టె పట్టుకుని, ఈ ఇంట్లో 318వ నంబరు వాటా ఎటువైపు ఉందని అడిగాడు.